మా గోలెంలో మార్పు చేప

నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే కాలంలో మా ఇంటి వెనక సిమెంటు గోలెం ఒకటి ఉండేది. బట్టలు ఉతకడానికి, గిన్నెలు తోమడానికి ఆ నీళ్లే. అందులో ఎప్పుడు చూసినా ఒకటో రెండో మార్పు చేపలు ఉండేవి. ముచ్చటపడి పెంచుకున్నవి కాదు, తినడానికి తెచ్చినవే. బొచ్చె చేప తెస్తే ఆ పూటే పొయ్యి మీదికి ఎక్కాలి, లేకపోతే వాసన కొడుతుంది. మార్పుకు ఆ తొందర లేదు. గోలెంలో వేసి మరిచిపోవచ్చు. వారం తర్వాత రేకు మూత జరిపినా మీసాలు ఆడిస్తూ పైకొచ్చి, ఒక గుటక గాలి మింగి, మళ్లీ అడుక్కి పోయేది. ఎండాకాలం వెనక వాకిట్లో పడుకుంటే ఆ గుటక చప్పుడు రాత్రంతా వినపడుతూనే ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. ఇంకో లాభం, ఆ నీళ్లలో దోమ పిల్లలు కనపడేవి కావు.

ఇదంతా హైదరాబాద్ రామంతాపూర్‌లో, 1980ల మొదట్లో. ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మరు గానీ, అప్పట్లో మా బస్తీకి ఒక పక్క దూరదర్శన్ కేంద్రం, ఇంకో పక్క చెరువు. ఉప్పల్ వైపు కాస్త నడిస్తే మూసీ ఒడ్డు దాకా వరి మళ్లు, బర్ల కోసం పెంచే గడ్డి మళ్లు. ఉప్పల్ భగాయత్ అంటే అప్పుడు ప్లాట్ల పేరు కాదు, నిజంగానే పచ్చటి పొలాలు. నగరం మురుగంతా కలిసిన మూసీ నీళ్లతోనే ఆ పంటలు పండేవి. ఆ నీళ్లలో రవ్వ, బొచ్చె బతకడం కష్టం. మార్పు మాత్రం హాయిగా బతికేది.

బాపుతో పాటు కంపెనీలో పనిచేసే ఒకాయన గంగపుత్రులు. మేమంతా ఆయన్ని మామా అనేవాళ్లం. డ్యూటీ లేని రోజున వల భుజాన వేసుకుని చెరువుకు పోవడం ఆయనకు అలవాటు. మా గోలెంలోకి చేపలు ఆయన దగ్గరి నుంచే వచ్చేవి. పైసలు ఇస్తే తీసుకునేవాడు కాదు, బాపు ఆయనకు దసరాకు ఏదో ఒకటి ముట్టజెప్పేవాడు. వేసవిలో చెరువు ఎండి అక్కడక్కడా మడుగులు మిగిలినప్పుడు మార్పు బురదలోకి దిగిపోతుంది. మామ పంచె పైకి కట్టి, బురదలో కాలితో తడుముతూ వెతికేవాడు. కాలికి మెత్తగా తగిలితే వంగి రెండు చేతులతో తల వెనక పట్టు పట్టేవాడు. తల వెనకే ఎందుకంటే, రెండు పక్కలా రెక్కల ముందు గట్టి ముల్లు ఉంటుంది. ఒంటి నిండా జిగట, పొలుసు ఒక్కటీ ఉండదు. పట్టు తెలియనివాడు పట్టుకుంటే చేప జారిపోతుంది, ముల్లు మాత్రం అరచేతిలో దిగుతుంది.

వానాకాలం వేట వేరు. తొలకరి గట్టిగా పడి రాత్రి ఏ తొమ్మిదింటికో వాన వెలిసినాక మామ కందిలి పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చేవాడు. "బిడ్డా, వస్తవా? చాపలు నడుస్తున్నయ్" అనేవాడు. అమ్మ వద్దనేది, పురుగూ పుట్రా ఉంటాయని. నాయనమ్మ పోనీయమనేది. ఆ గొడవ తేలేలోపు నేను చెప్పుల్లేకుండా రోడ్డు మీద ఉండేవాణ్ని.

చెరువు కట్ట దిగువన బండ్ల బాట ఒకటి మళ్లలోకి పోయేది. బాట మీద నీళ్లు నిలిచి ఉండవు, తడి మాత్రమే. కందిలి వెలుగుకు కళ్లు అలవాటు పడేదాకా ఏమీ కనిపించదు. ఆ తర్వాత గడ్డిలో సర్రుమని ఒక కదలిక. నల్లగా, జానెడు పొడవు, ఒంటికి రెండు పక్కలా మట్టి అంటుకుని ఉంటుంది. రెక్కల ముళ్లు నేలకు ఆనించి ఒంటిని కాస్త లేపుతుంది. తోక ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి కొడుతుంది. బోర్లా పడ్డ పసిపిల్లలు మోచేతుల మీద జరిగినట్టు నాలుగు వేళ్ల దూరం ముందుకు వస్తుంది. ఆగుతుంది. నోరు తెరిచి మూస్తుంది. నాలుగు జతల మీసాలు తడి మట్టి మీద తడుముతూ ఉంటాయి. మళ్లీ తోక కొడుతుంది. ఒకటి కనపడితే ఇంక కళ్లు దొరికినట్టే, పక్కన ఇంకోటి, గట్టు మీద ఇంకోటి. అన్నీ ఒకే దిక్కుకు, చెరువులోంచి మళ్లలోకి. కందిలి దగ్గరగా పెట్టినా ఆగవు. దారికి అడ్డంగా కాలు పెడితే చుట్టూ తిరిగి పోతాయి.

అవి అలా ఎందుకు పోతాయో మామకు బాగా తెలుసు. కొత్త నీళ్లు నిలిచిన మళ్లలో, గట్టు వారన గడ్డి కింద చిన్న బొక్క చేసుకుని ఆడది గుడ్లు పెడుతుంది. మగది ఆ బొక్క దగ్గరే కాపలా కాస్తూ, రెక్కలతో నీళ్లు ఆడిస్తూ ఉంటుంది. ఆ బొక్కల్లో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు మామ. "గూట్ల ఉన్నదాన్ని తియ్యొద్దు, అది పోతే పిల్లలన్నీ పోతయ్" అనేవాడు. గూటికి నడిచి పోతున్నవాటిని మాత్రం నిక్షేపంగా సంచిలో వేసుకునేవాడు. అదెక్కడి న్యాయమో ఆయన్నే అడగాలి.

చేపను కోయడం నాయనమ్మ పని. అమ్మ ముట్టుకునేది కాదు, మీసాలు చూస్తేనే ఆమెకు ఒళ్లు జలదరించేది. నాయనమ్మ పిడికెడు బూడిద, పిడికెడు రాళ్ల ఉప్పు తీసుకుని బండ దగ్గర కూర్చునేది. బూడిద పట్టిస్తే జిగట పట్టు వదులుతుంది. నల్లటి చేప తెల్లగా అయ్యేదాకా బండకు రాసి రాసి కడిగేది. తర్వాత కత్తిపీట. చెంప మూత లేపితే లోపల మామూలు మొప్పలు కాకుండా, వాటిపైన ఎర్రగా, గుబురుగా, చిన్న చెట్టు కొమ్మల ఆకారంలో ఒకటి కనిపించేది. అదేమిటని అడిగితే "పనికిరానిది" అని తీసి పిల్లికి వేసేది. కాల్చిన ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ధనియాలు, రెండు మెంతి గింజలు నూరి, చింతపండు చిక్కగా పిసికి పులుసు పెట్టేది. ముళ్లు తక్కువ, మాంసం మెత్తన. జ్వరం పడి లేచినవాళ్లకు, బాలింతలకు ఈ పులుసే పెట్టాలని మా ఇంట్లో ఒక పట్టుదల ఉండేది.

అందరిళ్లలో అలా కాదు. పొలుసు లేని చేప అని ముట్టనివాళ్లు చాలామంది. బాపు దోస్తు ఒకాయన పాతబస్తీ నుంచి వచ్చేవారు, షియా. వాళ్ల పద్ధతిలో పొలుసు లేని చేప నిషిద్ధం. ఆయన భోజనానికి వస్తున్నారంటే ఆ రోజు రవ్వ తేవాల్సిందే, గోలెం మీద మూత గట్టిగా బిగించాల్సిందే. ఒకసారి ఆయన చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లి, గుటక చప్పుడు విని "అందులో ఏముంది భాయ్?" అని అడిగితే, బాపు ఏం చెప్పాలో తెలియక "కప్ప" అన్నాడు. ఆయన ఇంకా భయపడ్డారు.

డిగ్రీలో చేరాక ఆ పనికిరానిది మళ్లీ ఎదురైంది, ఈసారి జువాలజీ ల్యాబులో సీసా లోపల. ప్రాక్టికల్ పరీక్షలో చూసి గుర్తుపట్టాల్సిన నమూనాగా, అంటే స్పాటర్‌గా పెట్టేవాళ్లు. ఫార్మలిన్‌లో నానిపోయి ఎరుపంతా పోయి పాలిపోయి ఉండేది గానీ, ఆకారం అదే. రెండో మొప్ప కమాను మీద ఒకటి, నాలుగో దాని మీద ఒకటి మొలిచిన కొమ్మలు. మొప్పల పైనున్న గదిలో అవి ఇమిడి ఉంటాయి. చేప పైకొచ్చి మింగిన గాలి ఆ గదిలోకి పోతే, కొమ్మల మీది సన్నటి రక్తనాళాలు ఆక్సిజన్ లాక్కుంటాయి. అందుకే మురుగు నీళ్లలో బతుకుతుంది, బురదలో బతుకుతుంది, తడి ఉంటే రోడ్డు మీద కూడా గంటల తరబడి బతుకుతుంది. గాలి పీల్చే భారతీయ చేపల మీద లోతుగా పనిచేసిన శాస్త్రవేత్తల్లో ఒకరు మన ఉస్మానియా ప్రొఫెసరే, బి.కె. దాస్. 1927లో ఆయన పరిశోధన లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. 1940లో మద్రాసు సైన్స్ కాంగ్రెస్‌లో జంతుశాస్త్ర విభాగం అధ్యక్షుడిగా కూడా ఆయన ఎంచుకున్న విషయం ఈ చేపలే. మా నాయనమ్మ పిల్లికి వేసినదాని మీద ఉస్మానియా ప్రొఫెసర్ ఏళ్ల తరబడి పని చేశారని తెలిసినప్పుడు ఇంటికొచ్చి ఆమెకు చెప్పాను. "చదువుకున్నోళ్లకు పనేం ఉంటది" అంది.

ఆ సీసా మీద మార్పు శాస్త్రీయ నామం క్లారియస్ బట్రాకస్ అని రాసి ఉండేది. అప్పట్లో పుస్తకాలన్నీ అలాగే రాసేవి, ఇండియా నుంచి ఇండోనేషియా దాకా అంతా ఒకే చేప అన్నట్టు. 2008లో ఇద్దరు శాస్త్రవేత్తలు పాత నమూనాలు తిరగేసి, ఆ పేరు జావా చేపకే చెందుతుందని తేల్చారు. మన దగ్గరిది 1822లోనే హామిల్టన్ అనే శాస్త్రవేత్త గంగా నది చేపల పుస్తకంలో వర్ణించిన క్లారియస్ మాగుర్. ఇది పండితుల గొడవలా కనిపిస్తుంది గానీ దీనికి విలువ ఉంది. ఆసియా అంతా ఉన్న చేప అనుకున్నంతకాలం దానికేమైనా అవుతోందని ఎవరికీ బెంగ ఉండదు. వేరు చేసి చూశాకే దీని లెక్క దీనికి వచ్చింది. 2010లో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జీవులకున్న ముప్పును లెక్కగట్టే రెడ్ లిస్ట్‌లో మన మార్పును 'అంతరించే ప్రమాదంలో ఉన్నది' అనే వర్గంలో పెట్టారు. పులి ఉన్న వర్గం కూడా అదే. పదేళ్లలోనో, మూడు తరాల్లోనో సంఖ్య సగానికి పడిపోయిందనో, పడిపోతుందనో అంచనా ఉంటే ఆ వర్గంలోకి చేర్చే ఒక పద్ధతి ఉంది.

మురుగులో బతికిన చేపకు ఏమైంది మరి? నాకు తెలిసి దాన్ని చంపింది నీళ్ల మురికి ఒక్కటే కాదు. వరి మళ్లలో గుళికల మందు చల్లడం పెరిగింది. మందు చల్లిన మర్నాడు మడిలో కప్పలు, చేప పిల్లలు తేలేవి, మేం చూసినవే. గుడ్లు పెట్టే చోటే విషమైతే కొమ్మల ఊపిరితిత్తి ఏం కాపాడుతుంది? చేపల పెంపకం చేసేవాళ్లు చెరువు సిద్ధం చేసేటప్పుడు ఇప్ప చెక్క వేసి, అందులో ముందునుంచీ ఉన్న చేపలన్నిటినీ చంపి, ఆ తర్వాతే రవ్వ పిల్లల్ని వదలడం పుస్తకంలో ఉన్న పద్ధతే. కలుపు చేపలు అంటారు వాటిని. మార్పు ఆ లెక్కలోకే వస్తుంది. దీనికితోడు చెరువు నీళ్లు నిలిచే శిఖం భూములు ప్లాట్లయ్యాయి. చెరువుకీ మళ్లకీ మధ్య చేప నడిచే తడి బాట మీద సీసీ రోడ్డు, డ్రైనేజీ కాలువ వచ్చాయి. ఉప్పల్ భగాయత్‌లో ఇప్పుడు నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ లేఅవుట్ ఉంది, ఆ పక్కనే మెట్రో. నాగోల్ నుంచి రైలు ఎక్కిన ప్రతిసారీ కిటికీలోంచి ఆ బండ్ల బాట ఎక్కడుండేదా అని చూస్తాను. ఆనవాలు పట్టడానికి ఒక్క చెట్టు లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు ఇంకా బాధ కలిగించేది వేరే ఉంది. మార్పు పోయిందని ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే దాని చోట్లో దానిలాంటిదే ఇంకోటి వచ్చి కూర్చుంది.

1990ల చివర్లో అనుకుంటా, బాపు ఒక సాయంత్రం సంచి నిండా ఒకే ఒక్క చేప తెచ్చాడు. అమ్మినవాడు "పెద్ద మార్పు" అని చెప్పాడట. మీసాలున్నాయి, పొలుసు లేదు, గోలెంలో వేస్తే పైకొచ్చి గాలి మింగింది. బస్తీలో నలుగురూ వచ్చి చూశారు. నాయనమ్మ మాత్రం బూడిద పట్టుకుని కూర్చుని ఒక్క నిమిషం దాన్ని అటూ ఇటూ తిప్పింది. తల బల్లపరుపుగా, ఎముకలా గట్టిగా, పైన గరుకుగా ఉంది. ఒంటి మీద నలుపూ బూడిద రంగూ కలిసిన మచ్చలు. కోస్తే లోపల కొవ్వు, అదో రకం వాసన. "ఇది మనది కాదురా" అంది. పులుసు పెట్టింది గానీ తాను తినలేదు. మాకు కూడా సయించలేదు. పిల్లి తిన్నది.

అది ఆఫ్రికా క్యాట్‌ఫిష్. థాయిలాండ్ నుంచి 1989లో బంగ్లాదేశ్‌కు తెచ్చారు. అక్కడి నుంచి ఏ అనుమతీ లేకుండా బెంగాల్ మీదుగా మన దేశంలోకి దిగింది. మన మార్పు చెయ్యి పొడవు పెరగడమే గొప్ప. అది మీటరు దాటి పెరుగుతుంది, ఏది పడితే అది తింటుంది. చికెన్ దుకాణాల వ్యర్థాలు, కబేళా కుళ్లు వేసి పెంచేస్తారు. చెరువులోకి జారిందంటే తన కంటే చిన్న చేపల్ని బతకనివ్వదు. 2000లోనే కేంద్రం దీని పెంపకాన్ని నిషేధించింది, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా గట్టిగా చెప్పింది. అయినా ఇప్పటికీ పేపర్లో ఆ వార్త వస్తూనే ఉంటుంది. నగర శివార్లలో ఏదో గుంత, దాని చుట్టూ రేకులు, కంపు భరించలేక ఊరివాళ్ల ఫిర్యాదు, అధికారుల దాడి, జేసీబీతో గొయ్యి తీసి చేపల్ని పాతేయడం. నెల తిరిగేసరికి ఇంకో ఊళ్లో ఇంకో గుంత. హేచరీల్లో ఆడ మార్పుకు ఆఫ్రికా మగ చేపతో సంకరం చేసి అమ్మడం కూడా జరిగింది. అంటే మార్పు అని కొన్నది సగం మార్పే కావచ్చు.

ఇటీవల మృగశిర కార్తె ముందు రోజు రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లాను. ఆ రోజు అక్కడ కాలు పెట్టే చోటుండదు. కార్తె నాడు చేప తినాలని హైదరాబాద్ హైదరాబాదంతా కదిలి వస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం మూడేళ్ల పిల్లాడి నుంచి ముసలివాళ్ల దాకా బారులు తీరతారు. కొర్రమీను ధర ఆకాశంలో ఉంది. ఒక మూల ప్లాస్టిక్ తొట్టిలో మీసాల చేపలు కదులుతున్నాయి. "మార్పేనా అక్కా?" అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "పేరుకు మార్పే సార్. అసల్ది కావాల్నా? అసల్ది ఏడికెల్లి వస్తది?" అంది. "ఎవ్వరన్న తెస్తే ఫోన్ చేస్త, నంబర్ ఇచ్చి పో" అని కూడా అంది. ఇచ్చాను. పక్కనున్న కుర్రాడు మాత్రం "అన్నీ ఒక్కటే అంకుల్, ఫ్రై చేస్తే తేడా తెల్వదు" అన్నాడు. వాడికి పాతికేళ్లుంటాయేమో. వాడు పుట్టే నాటికే బజారులో తేడా చూపించడానికి రెండోది లేదు, వాణ్ని అని ఏం లాభం.

రెడ్ లిస్ట్‌లో పేరు ఎక్కితే ఏదో రక్షణ వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది చట్టం కాదు, ఆ చేపను పట్టినవాడిని ఎవరూ జైల్లో పెట్టరు. అది ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే లెక్క మాత్రమే. ఆ లెక్క చూసి ప్రభుత్వాలు కదలాలి. మన రాష్ట్ర చేప కొర్రమీను, 2016లో ప్రకటించారు. మంచిదే, కొర్రమీను కూడా గాలి పీల్చే చేపే, దానికీ మన చెరువులే ఇల్లు. బీహార్ వాళ్లు మాత్రం మాగుర్‌నే రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు. అదే 2016-17 నుంచి తెలంగాణ చెరువుల్లో ఉచితంగా చేప పిల్లల్ని వదలడం మొదలైంది. బొచ్చె, రవ్వ, మృగాల, బంగారు తీగ. మత్స్యకారుల ఇళ్లలో నాలుగు పైసలు కనపడాలంటే త్వరగా కిలో దాటే చేపే కావాలి, కాదనను. కానీ ఆ జాబితాలో ఒక మూలన మార్పుకు చోటిస్తే ఏం పోయేదో నాకు అర్థం కాదు. వాలుగ సంగతీ అంతే. నోరు తెరిస్తే భయమేసే ఆ వాలుగను కూడా 2019లో రెడ్ లిస్ట్‌లో ఒక మెట్టు పైకి జరిపారు, ముప్పు పెరిగిందని.

నవ్వొచ్చేది ఏమిటంటే, చేపల గురించి ఆలోచించే ఆఫీసులకు మన నగరంలో కొదవ లేదు. అత్తాపూర్‌లో జువలాజికల్ సర్వే వాళ్ల మంచినీటి జీవుల కేంద్రం ఉంది. ఇంకా ముందుకు పోతే రాజేంద్రనగర్ దగ్గర జాతీయ మత్స్యాభివృద్ధి బోర్డు భవనం, అచ్చం చేప ఆకారంలోనే కట్టారు, రాత్రి నీలం లైట్లు వేస్తే ఎయిర్‌పోర్ట్‌కు పోయేవాళ్లంతా ఫొటోలు తీస్తారు. ఆ భవనానికి మీసాలు లేవు. మనవరాలు అది రవ్వ అంది, నేను కాదనలేదు.

అయినా పూర్తిగా చేతులెత్తేసినట్టు కాదు. భువనగిరి దగ్గర మా బావ ఉన్నాడు, మేనమామ కొడుకు. బ్యాంకులో రిటైరయ్యాక ఊళ్లో ఖాళీగా కూర్చోలేక సిమెంటు తొట్లు కట్టించి మార్పు పెంపకం మొదలుపెట్టాడు. బావ భార్య, మా అక్కకు మొదటి నుంచీ ఇష్టం లేదు. పిల్లల్ని బెంగాల్ నుంచి తెప్పించాడు. డబ్బాలు విప్పేసరికి సగం చచ్చి ఉన్నాయి. మిగిలినవి బతికాయి గానీ, ఎదుగుదల చాలా నెమ్మది. నెలలు గడిచినా అరచేతి నుంచి జారే సైజే. తనే పిల్లల్ని తీద్దామని భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ వాళ్ల పద్ధతి చదివాడు. అక్కడే వచ్చింది చిక్కు. రవ్వలకైతే గుడ్లు పెట్టించే హార్మోన్ సూది వేసి వదిలేస్తే ఆడా మగా వాటి పని అవి చూసుకుంటాయి. మార్పులో ఆడదానికి సూది వేసి, మర్నాడు పొట్ట నొక్కితే గుడ్లు వస్తాయి. మగది మాత్రం నొక్కితే ఏమీ ఇవ్వదు. దాన్ని కోసి, వృషణాలు బయటికి తీసి, సన్నగా తరిగి ఉప్పు నీళ్లలో కలిపి ఆ ద్రవాన్ని గుడ్ల మీద పొయ్యాలి. ఒక్క రోజు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. అంటే అంతరించిపోతున్న చేపను పెంచడానికి ప్రతి విడతకూ మగవాటిని చంపుకుంటూ పోవాలి. మడిలో గూటి ముందు కాపలా కాసేది ఆ మగదే. బావ రెండు రోజులు ఆలోచించి కత్తి పట్టుకున్నాడు. అక్క ఆ పూట ఇంట్లో వంట చెయ్యలేదు.

పిల్లలు వచ్చాయి. వచ్చినవాటిలో చాలావరకు మొదటి వారాల్లోనే పోయాయి. సన్నటి వాటికి సరైన మేత దొరకడమే కష్టం. బతికినవాటిని కొన్నాళ్లకు సంతకు తీసుకుపోతే, కొనేవాళ్లు తొట్టిలోకి చూసి "గింత చిన్నవా? గింత రేటా? అవతల క్యాట్‌ఫిష్ కిలోలకు కిలోలు ఉంటది గదా" అని వెళ్లిపోయారట. ఒక పెద్దాయన మాత్రం సైకిల్ ఆపి, చెంప మూత లేపి చూసి, బేరం ఆడకుండా నాలుగు కొని, కోడలు బాలింత అని చెప్పి పోయాడట. బావ ఈ ఒక్క ముచ్చట మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ చెబుతాడు.

పోయిన జూన్‌లో మళ్లీ ఫోన్. రాత్రి పెద్ద వాన పడిందట. తొట్ల మీద వల బిగించడం మరిచాడో, కుక్కలు లాగాయో, తెల్లారి లేచి చూస్తే తొట్టిలో చేపలు చాలా తక్కువున్నాయి. పక్క చేను రైతు మిరప నారుమడిలో ఒకదాన్ని చూసి పామనుకుని కట్టె తీశాడట. బావ కేకలు వేసుకుంటూ పరుగెత్తి కట్టె లాక్కున్నాడు. మిగిలినవి కాలువ వారన వరి మళ్లలోకి దిగిపోయాయట. నష్టం ఎంత బావా అని అడిగితే ఆ మాట ఎత్తడే. "మడి రైతుకు చెప్పిన, ఈ కారు గుళికలు చల్లకురా అని. మందు ఖర్చు కంటే ఎక్కువిస్తే ఆగుతా అన్నడు. నీ దగ్గర పదివేలు ఉంటయా?" అన్నాడు. ఆరు పంపాను. మిగతా నాలుగు అక్కకు తెలియకుండా పింఛన్‌లోంచి తీస్తానన్నాడు.